లౌజులో అర బిళ్ళ

ముక్తేశ్వరం,
ఆగస్టు 21.

కుసుమ వదినగారికి,

సత్యవేణి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెడదామని కూర్చున్నాను. కలం కదలలేదు. అందుకని ఉన్నదే రాస్తున్నాను.

మీరు వెళ్ళేటప్పుడు స్టాంపులంటించిన కవర్లు నా చేతిలో పెట్టి, "ఫోనులో నీ నోరు పెగలదు, అమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటాది. కాగితం మీదైనా మాట్లాడు వేణీ" అన్నారు. ఏడో తరగతి మానేశాక నేను కలం పట్టింది పచారీ కొట్టు చీటీలకే. తప్పులుంటే నవ్వుకోకండి.

ఆ రోజు వంటింట్లో "తమ్ముడు తాగుతున్నాడా" అని మీరు అడిగినదానికి జవాబు చెప్పకుండా పప్పు రుబ్బుతూ ఉండిపోయాను. అత్తయ్యగారు వాకిట్లో ఉన్నారని మీరు అనుకుని ఉంటారు. ఆవిడ లేకపోయినా చెప్పేదాన్ని కాదు. సిగ్గేసింది.

మీ తమ్ముడుగారు తాగరు. బిళ్ళలు వేసుకుంటారు. కొబ్బరి దింపు పనికి వెళ్ళేవాళ్ళు చాలామంది వేసుకునేవే. మందుల షాపులో చిన్న పొట్లం కట్టి ఇస్తారు. ఒకటి ఒళ్ళు నొప్పులకి, ఒకటి గ్యాసుకి, ఒకటి నరాలకి అంటారు. మొదట్లో చెట్లు ఎక్కువ ఎక్కిన రోజునే వేసుకునేవారు. మా పెళ్ళైన ఏడాదికి రోజూ అయ్యింది. ఇప్పుడు మిగతావి మానేసి నరాల బిళ్ళ ఒక్కటే అట్టలు అట్టలుగా కొంటున్నారు. అది పడకపోతే చేతులు వణుకుతాయి. మీరు చూసింది అదే. టీ గ్లాసు కింద పెట్టేసి వేడిగా ఉందన్నారు చూడండి, అది చల్లారిపోయిన టీ.

"ఇదివరకు పైకెళ్ళి కిందకి చూత్తే కడుపులో తిప్పేసేదే. ఇప్పుడు నేలా చెట్టూ నాకొకటే" అంటారు. ఆయనకది ధైర్యం. నాకు మాత్రం ఆ మాటే భయం.

మీరు అక్కడ చేసే పని ఇలాంటి బిళ్ళల మీదేనట కదా. "మా అక్క ఎలకలకి మత్తు బిళ్ళలేసి జీతం పుచ్చుకుంటాది" అని ఈయన అందరికీ చెప్పి నవ్విస్తుంటారు. ఖాళీ అట్ట ఒకటి కవర్లో పెట్టాను. చూసి చెప్పండి.

మీ మరదలు,
సత్యవేణి


హైదరాబాద్,
సెప్టెంబరు 2.

వేణీ,

నవ్వుకోలేదు. నీ ఉత్తరం నా బల్ల సొరుగులో దాచుకున్నాను.

తమ్ముడు చెప్పేది నిజమే. మత్తు కలిగించే మందులు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తాయో చూడటమే నా పని. గుండె ఎలా కొట్టుకుంటుంది, ఊపిరి ఎక్కడ మందగిస్తుంది, మెదడు దేనికి అలవాటుపడుతుంది. నా దగ్గర రెండు బోనుల ఎలకలున్నాయి. రెండింటికీ కొన్ని వారాలపాటు ఒకే మందు ఇస్తాం. తర్వాత ఒక బోనులో వాటికి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తాం. రెండో బోనులో వాటికి ఒకేరోజు ఆపేస్తాం. రెండో బోను సంగతి నీకు రాయను.

నువ్వు పంపిన అట్ట మీద పేరు చదివాక కాసేపు పని చేయలేకపోయాను. అది నొప్పిదీ కాదు, నరాలకి బలమిచ్చేదీ కాదు. నా బోనుల్లోకి వెళ్ళే మందు అదే.

మన కాలవకి లాకులున్నాయి కదా. తలుపులు దించితే నీళ్ళు ఆగుతాయి, కానీ వెనకాల మట్టం పెరుగుతూనే ఉంటుంది. ఈ బిళ్ళ మెదడుకి వేసే లాకు. రోజూ వేస్తే రోజూ వెనక నీరు పెరుగుతుంది. తలుపులు మెల్లగా ఎత్తాలి.

నేను ఎలకల మీద పనిచేసేదాన్ని, మనుషులకి మందు రాసే డాక్టరును కాను. వాడిని అమలాపురంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఉన్నపళంగా మాన్పించకు. వాడితో నేను ఫోనులో మాట్లాడతాను.

కుసుమ


ముక్తేశ్వరం,
అక్టోబరు 24.

వదినగారికి,

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. మీ ఫోను తర్వాత ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆసుపత్రి మాట ఎత్తితే, "నేనేమన్నా పిచ్చోణ్ణా? ఎలకనా?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు.

కానీ ఇప్పుడు మంచి కబురు. కార్తీకంలో మొదటి సోమవారం అయ్యప్ప మాల వేసుకుంటానన్నారు. అత్తయ్యగారి సంతోషం చెప్పలేను. గురుస్వామిగారు, "మెళ్ళో మాల పడితే ఎంత అలవాటైనా తోక ముడవాల్సిందేనండి" అన్నారట. కిందటేడు కిళ్ళీకొట్టు ఆయన చుట్టలు అలాగే మానేశారట. ఈయన కూడా ఆ రోజు నుంచి బిళ్ళ ముట్టనని దేవుడి పటం ముందు చెయ్యి వేసి చెప్పారు. మిగిలిన అట్టలు నాకిచ్చి, మాల వేసుకునే రోజు కాలవలో పారెయ్యమన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏ చెట్టు మీద నుంచి ఏ కబురు వస్తుందో అని ఇన్నాళ్ళూ చెవులు అక్కడే పెట్టి బతికాను.

మీరు ఉన్నపళంగా మాన్పించొద్దన్నారు. మరచిపోలేదు. కానీ మాన్పించేది నేను కాదు కదండీ, స్వామి కదా. స్వామి మాన్పించినా ప్రమాదమేనా? ఇది అడగవచ్చో లేదో నాకు తెలియదు. అత్తయ్యగారిని అడిగితే చెంపలు వేసుకోమంటారు.

సత్యవేణి


హైదరాబాద్,
అక్టోబరు 29.

వేణీ,

స్వామి మాన్పించినా ప్రమాదమే.

నీ ఉత్తరం అందగానే వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్ ఏడుకొండలూ, మాల వేసుకో, నేనొద్దనను. బిళ్ళ మాత్రం డాక్టరు చెప్పినట్టు తగ్గించుకో" అన్నాను. "అక్కా, మాలలో మత్తుబిళ్ళ ఏసుకోమంటావా? నీ చదువు నిన్ను అక్కడికి తీసుకెళ్ళిందా?" అన్నాడు. వెనక నుంచి అమ్మ, "అశుభం మాటలు మాటాడకే. పెట్టెయ్ ఫోను" అంది. పెట్టేశారు.

రాయనన్న సంగతి రాస్తున్నాను. రెండో బోనులో ఎలకలు మొదటిరోజు బాగానే ఉంటాయి. తర్వాత నిద్రపోవు. చిన్న చప్పుడికే ఎగిరిపడతాయి. ఆ తర్వాత కొన్నింటికి ఫిట్స్ వస్తాయి. మనుషులకీ అంతే. మన వాడు చెట్టు మీద ఉంటాడు.

ఇక్కడ మానసిక వైద్యుడు ఒకాయన నాకు బాగా తెలుసు. అంతా చెప్పి అడిగాను. ఆసుపత్రికి రాని మనిషికి ఏం చెప్పాలో ఆయనకీ తోచలేదు. చివరికి ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్ళకి ఎంత తగ్గించాలో చెప్పారు. వేరే కాగితం మీద రాసి పెట్టాను. అట్టలు కాలవలో పారెయ్యకు. అర బిళ్ళ పొడి చేసి, చేదు తెలియకుండా కొబ్బరి లౌజులో కలిపి పెట్టు. వాడికి చెప్పకు. అమ్మకి చెప్పకు. ఎవరికీ చెప్పకు.

ఇది తప్పు వేణీ. ఒక మనిషికి తెలియకుండా అతని ఒంట్లోకి ఏదీ పంపకూడదన్నది మా చదువులో మొదటి పాఠం. వాడు నా తమ్ముడు కాబట్టి ఆ పాఠం పక్కన పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాపం ఉంటే నాకే రానీ.

కుసుమ


ముక్తేశ్వరం,
నవంబరు 16.

వదినగారికి,

మీరు చెప్పినట్టే చేస్తున్నాను.

మొదటిరోజు రోలు దగ్గర కూర్చుని అర బిళ్ళ పొడి చేశాను. నల్లబట్టలు కట్టుకుని, విభూతి పెట్టుకుని ఆయన పీట మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆయనని నేను స్వామీ అనాలి. "స్వామీ, లౌజు తీసుకోండి" అన్నాను. రుచిగా ఉందన్నారు. ఇంకోటి అడిగారు. పొడి లేనిది ఇచ్చాను. పెరట్లోకి వెళ్ళి చెంపలు వేసుకున్నాను. ఎవరికి వేసుకున్నానో నాకే తెలియలేదు.

ఆయన బాగున్నారు వదినగారూ. నిద్ర పడుతోంది. వణుకు లేదు. ముఖం తేటపడింది. తెల్లారకుండానే లేచి కాలవలో స్నానం చేసి, భజనలో అందరికంటే గట్టిగా ఆయనే పాడుతున్నారు. అత్తయ్యగారు వీధిలో కనబడ్డవాళ్ళందరికీ, "నా కొడుకుని స్వామి నిలబెట్టేడండి" అని చెబుతున్నారు. నేను తలొంచుకుని ఊఁ కొడుతున్నాను.

ఈయన ఊరుకోవడం లేదు. దింపు వాళ్ళు ఎవరు కనబడినా మాల గురించే. నాలుగిళ్ళ అవతల లోవరాజు బావగారు తెలుసు కదా, ఈయనతో కలిసి చెట్లెక్కుతారు. ఆయన ఈయనకంటే ఎక్కువ కాలంగా, ఎక్కువ బిళ్ళలు వేసుకుంటారని ఆయన భార్య వెంకటదుర్గక్క ఒకసారి నాతో అంది. మొన్న మా అరుగు మీద కూర్చున్నారు.

"నిజం చెప్పు సామీ, బిళ్ళ లేకుండా నిద్దరెలా వత్తాది?" అన్నారు.

"నిద్దరేంటి సామీ, గురక కూడా వత్తాది. కావాలంటే మా ఇంట్లో అడుగు" అన్నారు ఈయన.

"వణుకు రాదా?"

"చూడు నా చెయ్యి. రాయిలా లేదా? నువ్వూ పారెయ్. ఏమీ అవదు. నాదీ పూచీ."

గుమ్మం వెనక నిలబడి విన్నాను. నిన్న పౌర్ణమికి లోవరాజు బావగారు మాల వేసుకున్నారు.

మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు. వెంకటదుర్గక్కకి చెబితే ఈయనకి తెలిసిపోతుంది. చెప్పకపోతే ఎలా? చెప్పనా, వద్దా? మీ జవాబు కోసం చూస్తుంటాను.

సత్యవేణి


హైదరాబాద్,
నవంబరు 21.

వేణీ,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. మెట్ల మీద నిలబడి చదివి, అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేశాను. "లోవరాజుని అర్జంటుగా పిలవ్వే" అన్నాను.

"ఏ లోవరాజుని పిలవనే? మొన్న పొద్దున్నే పోయేడు కదా" అంది అమ్మ.

ఫోను పెట్టేశాను.

సాయంత్రం ల్యాబుకి వెళ్ళాలి, బోనుల దగ్గర లెక్కలు రాసుకోవాలి. వెళ్ళి తలుపు దగ్గర నుంచే తిరిగొచ్చేశాను. ఒకే ఊరు, ఒకే పని, ఒకే బిళ్ళ. ఒకడికి మెల్లగా తగ్గించాం. ఒకడు ఉన్నపళంగా ఆపేశాడు. ఇలాంటి జంటను తయారుచేయడానికి నేను ఇక్కడ నెలలు తీసుకుంటాను. మన వీధిలో పదిహేను రోజుల్లో తయారైపోయింది. తయారుచేసింది నేనే.

రెండో బోను గురించి ఊరంతా వినేలా చెప్పాల్సింది. నా తమ్ముడొక్కడే కనబడ్డాడు. పక్కన అదే బిళ్ళ మింగుతూ ఇంకెంతమంది ఉన్నారో ఆలోచించలేదు.

అయినా నిన్ను ఒకటి అడుగుతున్నాను. నన్ను అసహ్యించుకోకు. ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పకు. పోయినవాడు రాడు. తమ్ముడికి తగ్గింపు ఇంకా పూర్తి కాలేదు. తెలిస్తే పంతానికి ఆపేస్తాడు. వాడొక్కడైనా మిగలనీ.

కుసుమ


ముక్తేశ్వరం,
నవంబరు 25.

వదినగారికి,

ఎలా పోయారో మీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నేను చెబుతాను.

అందరం చెట్టుకి భయపడ్డాం. చెట్టు మీద కాదండీ. కాలవలో. పొద్దున్నే స్వాములందరూ స్నానానికి దిగారు. లోవరాజు బావగారికి మూడు రోజులుగా నిద్ర లేదట. చలికి వణుకుతున్నాననుకున్నారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కసారి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయారు. కళ్ళు పైకి వెళ్ళిపోయాయట.

గట్టు మీద ఉన్నవాళ్ళు స్వామి ఒంటి మీదికి వచ్చాడనుకున్నారు. ఎవరూ దిగలేదు. ఆవేశంలో ఉన్నవారిని ముట్టుకోకూడదని దూరం జరిగి చేతులు జోడించారు. శరణుఘోష అందుకున్నారు. అందరికంటే గట్టిగా మా ఆయన పలికారు. కొట్టుకోవడం ఆగాక స్వామి శాంతించాడనుకున్నారు. ముఖం నీళ్ళలోనే ఉంది. ఆ తర్వాత ఎవరో కేకేశారు.

ఈయన అప్పటినుంచి చెట్టెక్కలేదు. "అంత గొప్పగా స్వామి వచ్చేడు కదే, మరెందుకు తీసుకుపోయేడు?" అని నన్ను అడుగుతున్నారు. నన్ను! లౌజు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్న నన్ను.

ఊళ్ళోవాళ్ళు కారణం కనిపెట్టారు. నియమం తప్పిందట. వెంకటదుర్గక్క ఆ నెల రెండు రోజులు ముందే బయట చేరిందట. చూసుకోకుండా ఆయన నల్లపంచె తీగ మీద నుంచి తీసి మడతపెట్టిందట. ఆ సంగతి తనే ఏడుస్తూ ఎవరికో చెప్పుకుంది. ఇప్పుడు వీధంతా అదే. పరామర్శకి వచ్చినవాళ్ళు ఆమె ముఖం చూడకుండా పిల్లలతో మాట్లాడి వెళ్ళిపోతున్నారు. నిన్న నేను వెళితే, "ఈ చేతులే వేణీ, ఈ చేతులే పట్టుకున్నాయి పంచె" అని చేతులు చూపించింది. గోళ్ళతో గీరుకుని రక్తాలు కట్టి ఉన్నాయి.

ఆమె ఉన్నది నాలుగిళ్ళ అవతల. అక్కడికి నడిచి వెళ్ళి ఒక్క మాట చెప్పడానికి నేను హైదరాబాదు నుంచి సెలవు కోసం ఆగాను. జవాబు వచ్చేదాకా ఆగమని మీరు అనలేదు. నాకు నేనే ఆగాను. చిన్నప్పటినుంచి ఎవరో ఒకరు చెబితేనే చేయడం అలవాటు. ఆ అలవాటు ఒక మనిషిని తినేసింది.

మీరు చెప్పొద్దని రాశారు. మీ భయం నాకు తెలుసు. నాదీ అదే భయం. ఆయన లేకపోతే నాకెవరున్నారు? లౌజు పెట్టడం మానలేదు కానీ, ఆ చేతులు చూశాక కలపాలంటే మనసు రావడం లేదు. చెబుతాను వదినగారూ. మీ జవాబు కోసం ఆగను.

సత్యవేణి


ముక్తేశ్వరం,
నవంబరు 28.

వదినగారికి,

చెప్పాను.

ముందు వెంకటదుర్గక్కకి. వాళ్ళమ్మ పక్కనే ఉంది. ఉండనిచ్చాను. బిళ్ళ సంగతి, మీ ఎలకల సంగతి, ఉన్నపళంగా ఆపితే వచ్చే ఫిట్స్ సంగతి, లౌజు సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాను.

"అయితే నా అంటు కాదా?" అంది.

"కాదక్కా. దానికీ దీనికీ సంబంధం లేదు."

గోడకేసి తిరిగింది. తర్వాత, "అర బిళ్ళా?" అంది.

"బావగారికైతే ఇంకా ఎక్కువే కావాలేమో. డాక్టరుగారు చెప్పాలి."

"మా గూట్లో ఉన్నాయే. పారెయ్యమన్నారు, నేనే బద్ధకించేను. ఆయన గిలగిల్లాడిపోతా పడుకున్న మంచానికి పైనే ఉన్నాయి." గొంతు ఎక్కడా పెరగలేదు. "ఆయన మాల వేసుకున్న రోజే నువ్వు చెప్పి ఉంటే నేను పెట్టేదాన్నే వేణీ. లౌజులోనో, అట్టులోనో. నాకూ వంటొచ్చు కదా."

లేచి నిలబడ్డాను.

"నీకు దణ్ణం పెట్టాలో, తిట్టాలో తెల్టం లేదు. ఇంటికెళ్ళు. రేపు మా ఆయన పెద్దకర్మ. నువ్వు రాకు."

వాళ్ళమ్మ మాత్రం గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, ఈ మాట వీధిలో కూడా చెప్తావా? నా పిల్లని ఎవ్వరూ ముట్టుకోవట్లేదు" అంది. చెబుతానన్నాను. వస్తూ వస్తూ గురుస్వామిగారి ఇంటి ముందు ఆగి, ఆయన భార్యతో, అక్కడ కూర్చున్న ఆడవాళ్ళందరితో చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఒకావిడ, "ఏడుకొండలు పెళ్ళాం మాటాడుతుందా!" అంది. ఇంకొకావిడ, "మాలలో ఉన్న మొగుడికి మత్తు పెట్టిందంట, మాటాడదా మరి" అంది.

ఆ మాటలు నాకంటే ముందే ఇంటికి చేరాయి. అత్తయ్యగారు నా జుట్టు పట్టుకున్నారు. "నా కొడుకు దీక్ష మంట్లో కలిపేవే" అని నేల మీద కూర్చుండిపోయారు. మీ పేరు కూడా చెప్పాను. దాచలేదు. మీ అమ్మగారు ఇంక మీ ఫోను ఎత్తకపోవచ్చు.

ఆయన కొట్టలేదు. కొడితే బాగుండును.

"మొదటిరోజు నుంచేనా?" అన్నారు.

"ఆయ్."

"అంటే నేను ఒక్కరోజు కూడా మానలేదు."

"తగ్గించేం అండి. చాలా తగ్గింది."

"మానలేదు కదా. మానేసేనని లోవరాజుకి పూచీ ఇచ్చేను." మెళ్ళో మాల పట్టుకుని, "వాడు నీళ్ళలో కొట్టుకుంటుంటే శరణం చెప్పింది నేనే" అన్నారు.

లేచి వెళ్ళి గురుస్వామిగారి దగ్గర మాల తీయించుకుని వచ్చారు. పాత లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. లోవరాజు బావగారు కూర్చునేచోట కూర్చోలేదు. అది ఖాళీగా వదిలి ఈ చివర కూర్చున్నారు.

"నాకూ ఇవ్వకుండా ఉండాల్సింది" అన్నారు నన్ను చూడకుండా.

వదినగారూ, మీరు రండి. మీ మీద కోపంగా ఉన్న ఊరిలోకి రమ్మంటున్నానని తెలుసు. ఇంకా ఆ బిళ్ళ మింగే దింపు వాళ్ళు ఉన్నారు. ఈ కథ విని ఒకరిద్దరు భయపడి ఉన్నపళంగా ఆపేస్తారేమో అని నాకు కొత్త భయం పట్టుకుంది. నేను చెబితే ఎంత చెప్పగలను?

ఈ సాయంత్రం లౌజు పళ్ళెంలో పెట్టి, బిళ్ళ ముక్క పక్కన విడిగా పెట్టి ఆయన ముందు ఉంచాను. "ఇది లేకపోతే మీకూ అలాగే రావచ్చండి. నాకు మీరు కావాలి" అన్నాను. పెళ్ళైన దగ్గర నుంచి ఆయన ముఖంలోకి చూసి అంత మాట అనడం ఇదే మొదలు.

ఆయన లౌజు తీసుకుని రెండుగా విరిచారు. లోపల చూశారు. ఆ ముక్కలను మళ్ళీ విరిచి చూశారు. తర్వాత తిన్నారు.

బిళ్ళ ముట్టుకోలేదు. కుడిచెయ్యి వణుకుతుంటే ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నారు. పొడి చేసి కలపడం నాకు వచ్చు. ఇంక కలపను. పళ్ళెం తీయకుండా ఆయన పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను.

సత్యవేణి